ఆర్మ్‌స్ట్రాంగ్ పెరట్లో కుర్రకారు

పిల్లలూ, మీ ఊపిరికి జయం. ట్రంపెట్ మూతి ఒత్తీ ఒత్తీ మీ పెదాల మీద తేలిన ఎర్రటి వలయానికి జయం. బేస్ తీగలు లాగీ లాగీ బొబ్బలెక్కి, బొబ్బలు పగిలి, పగిలినచోట కాయకాసిన మీ వేలికొనలకు జయం. ఇంకా అప్పు తీరని మీ సాక్సోఫోన్‌కు, ఎవరింటినుంచో అడిగి తెచ్చుకున్న మీ కీబోర్డు స్టాండుకు, సబ్‌వే మెట్ల మీద ఒక్కో మెట్టుకూ ఆగుతూ మోసుకొచ్చిన ఆ నిలువెత్తు బేస్‌కు జయం. జులై నెల, ఎండ ఇంకా దిగలేదు. న్యూయార్క్‌లో క్వీన్స్, క్వీన్స్‌లో కరోనా అనే పేట, ఆ పేటలో 107వ వీధి. (మహమ్మారి రాకముందు నుంచీ ఆ పేటది అదే పేరు; 2020లో ఆ మహమ్మారికి న్యూయార్క్‌లో ఎక్కువగా బలైన పేటల్లో అదొకటి.) అక్కడ ఎర్ర ఇటుకల ముఖం పెట్టుకున్న రెండంతస్తుల చిన్న ఇల్లు, దాని పక్కన తోట. ఆ తోటలో ఇరవయ్యేళ్ళు నిండీ నిండని మీరు ఐదుగురు.

ఎవరి వాకిట్లో నిలబడ్డారో మీకు తెలుసు. తెలిసే వచ్చారు. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1943 నుంచి, 1971 జులై 6న నిద్రలోనే కన్నుమూసేదాకా కాపురమున్న ఇల్లది. జాజ్ సంగీతంలో ట్రంపెట్ ఒక్కటి పట్టుకుని ఒంటరిగా నిలబడి ఒక మనిషి ఎంత చెప్పగలడో లోకానికి చూపించినవాడి ఇల్లు. ఆ గోడ పక్కన నిలబడి ట్రంపెట్ ఊదడానికి ఎంత గుండె కావాలి! త్యాగరాజస్వామి సమాధి ముందు ఆరాధనకు కూర్చున్న కుర్ర విద్వాంసుడికి తెలుస్తుంది, ఆ గొంతు తడి ఆరిపోవడం. అయితే పంచరత్నాల దగ్గర అతడు గోష్ఠిలో గొంతు కలుపుతాడు, తప్పు పోయినా వందమంది గొంతుల్లో కలిసిపోతుంది. ఇక్కడ మీ వంతు వచ్చినప్పుడు మీరొక్కరే. ఆ తెగువకే ఈ స్తోత్రం.

ఇంటి సంగతి కాస్త చెప్పుకోవాలి. లూసిల్ కాటన్ క్లబ్‌లో నాట్యం చేసే అమ్మాయి; 1942లో ఆర్మ్‌స్ట్రాంగ్‌తో పెళ్ళి. ఆయనకు ఊళ్ళు తిరగడమే బతుకు, ఇల్లంటే హోటల్ గది. ఆయన ఊళ్ళో లేనప్పుడు లూసిల్ ఈ ఇల్లు చూసి, కొనేసి, చిరునామా మాత్రం పంపింది. కచేరీల తిరుగుడు ముగించుకుని టాక్సీలో వచ్చిన ఆయనకు ఇది తన ఇల్లంటే నమ్మకం కుదరలేదు. టాక్సీవాణ్ణి కాసేపు ఆగమని చెప్పి తలుపు తట్టాడట. తలుపు తీసింది లూసిల్. ఆ తర్వాత డబ్బొచ్చింది, సినిమాలొచ్చాయి, ఖండాలన్నీ తిరిగాడు. ఇల్లు మాత్రం మారలేదు. ఇరుగుపొరుగు కూలినాలి జనం, చిన్న ఉద్యోగుల జనం. వాళ్ళ పిల్లలు ఆయన ఇంటి మెట్ల మీద చేరేవాళ్ళు. ట్రంపెట్ పట్టుకుని ఆయన, చుట్టూ వాళ్ళు. ఆ ఫొటోలు ఇప్పటికీ కళ్ళ పండుగ్గా ఉంటాయి.

లోపల అన్నీ అలాగే ఉన్నాయి. ఆకుపచ్చా కాదు నీలమూ కాదన్నట్టు మెరిసే రంగులో వంటింటి అల్మరాలు. గోడలన్నీ అద్దాలైన స్నానాల గది. పై అంతస్తులో ఆయన సొంత గది, గోడలో అమర్చిన టేపు రికార్డర్లు. ఆ గదిలో ఆయన చేసిన పని నాకు మహా ఇష్టం. ఏడువందలకు పైగా టేపులు నింపాడు: స్నేహితుల కబుర్లు, బూతు జోకులు, భార్యతో వాదులాటలు, తన పాత రికార్డు పెట్టుకుని దానికి తానే పక్కవాద్యంగా ఊదిన ట్రంపెట్. టేపు అట్టపెట్టెల మీద పత్రికల్లోంచి కత్తిరించిన బొమ్మలు అతికించి అలంకరించేవాడు. అలా తన మ్యూజియం తానే మొదలుపెట్టిన మనిషి. మిగిలిన కొంచెం లూసిల్ పూర్తి చేసింది: ఇంటిని ఉన్నదున్నట్టు కాపాడి, 1983లో తాను పోయాక నగరానికి చెందేలా చేసింది. 2003లో మ్యూజియంగా తలుపులు తెరిచారు. 2023లో వీధికి అవతల కొత్త భవనం లేచింది, కాగితాలూ టేపులూ దానికి చేరాయి. తోటలో మాత్రం వేసవి కచేరీలు ఎప్పటినుంచో ఉన్నాయి.

ఆ తోటలోకే వద్దాం. మీరు వాద్యాలు విప్పుతున్నారు.

ట్రంపెట్ అమ్మాయీ, నీకు జయం. మూడే మూడు మీటలు నీకు. పియానోవాడికి ఎనభై ఎనిమిది మెట్లుంటే నీకు మూడు మీటలూ, రెండు పెదాలూ. మిగతాదంతా కండ. ఏ స్వరం పలకాలో మీట సగం చెప్తుంది, పెదవి బిగువు సగం చెప్తుంది. పెదవి అలిసిందా, పై స్వరం చీలిపోతుంది. ఈ ఇంటాయన పెదవి కూడా చీలింది, నీకు తెలుసు. పై స్వరాల మీద మోజుతో ఏళ్ళ తరబడి ఊది ఊది పెదవి పుండు చేసుకున్నాడు. జర్మనీలో ఒకాయన తయారుచేసిన లేపనం దొరికితే డబ్బాలు డబ్బాలు తెప్పించుకుని, ఆ లేపనానికి తన పేరు కూడా ఇచ్చాడు. ఆయన చేతిలో ఎప్పుడూ ఉండే తెల్ల రుమాలు చెమటకు. నీ చేతిలో ఉన్నది పొట్టి తువ్వాలు. పర్వాలేదు, చెమట మాత్రం అదే.

సాక్సోఫోన్ అబ్బాయీ, నీకు జయం. నీ నోట్లో ఉన్నది రెల్లుజాతి గడ్డి పేడు. పేడు తడిగా ఉంటేనే పలుకుతుంది. ఎండలో నీ వంతు కోసం ఎదురుచూసేలోపు ఆరిపోతుంది, ఆరితే కీచుమంటుంది. అందుకే నువ్వు వాయించనప్పుడు కూడా దాన్ని నోట్లోనే ఉంచుకుని కూర్చున్నావు. విద్వాంసుడి సన్నాయికి వేలాడే పీకల కట్ట చూసిన తెలుగువాడికి నీ జేబులోని పేళ్ళ పెట్టె వింతగా అనిపించదు.

కీబోర్డు అబ్బాయి కాగితాలకు బట్టల క్లిప్పులు పెట్టుకున్నాడు, గాలికి ఎగరకుండా. డ్రమ్స్ పిల్లవాడు తన పీటను రెండుసార్లు జరిపి, గచ్చు ఎగుడుదిగుళ్ళు చూసుకుని, కాలి కింద చిన్న చాప పరిచాడు. బేస్ అమ్మాయి భుజం మీద వాద్యాన్ని వాల్చుకుని కళ్ళు మూసుకుంది. ఈ ఐదుగురి ఇంటికి మొగదూలం ఆమె. అందరూ ట్రంపెట్‌ను చూస్తారు, బరువు ఈమె మీద ఉంటుంది.

బయట వాయించడం లోపల వాయించడం కన్నా కష్టం. నాలుగు గోడలుంటే నాదం గోడకు తగిలి వెనక్కి వస్తుంది, నువ్వేం వాయించావో నీకు వినిపిస్తుంది. ఆరుబయట నాదం వెళ్తుంది, తిరిగి రాదు. ముందుగా మాయమయ్యేది బేస్, ఆ మంద్రం గాలిలో కరిగిపోతుంది. దానికి తోడు ఎండ. ఎండకు ఇత్తడి గొట్టంలోని గాలి వేడెక్కుతుంది, వేడిగాలిలో ధ్వని వేగం పెరుగుతుంది, ట్రంపెట్ శ్రుతి పైకి జరుగుతుంది. అదే ఎండకు తీగ సాగుతుంది, బేస్ శ్రుతి కిందికి జారుతుంది. ఒకరు పైకీ ఒకరు కిందికీ పోతుంటే నడుమ కీబోర్డు కదలకుండా ఉన్నచోటే ఉంటుంది. పాటకూ పాటకూ మధ్య మీరు తలలు దగ్గరపెట్టుకుని గుసగుసలాడుతూ చేస్తున్న పని ఇదే: ఒక ఊరి వాతావరణాన్ని చెవితో సర్దుతున్నారు. నాలుగు సందుల అవతల రూజ్‌వెల్ట్ అవెన్యూ మీద ఇనుప వంతెనపై 7వ నంబరు రైలు పోతుంది. పైన లగార్డియా విమానాశ్రయం విమానాలు. పక్కింటి డాబా మీద ఎవరో స్పానిష్ పాట పెట్టారు. ఇప్పుడీ పేట ఎక్కువగా డొమినికన్, ఈక్వెడార్, మెక్సికో కుటుంబాలది. ఎవరినీ ఆపమని మీరు అడగలేదు. విమానం దాటేవరకు డ్రమ్స్ పిల్లవాడు నవ్వుతూ కర్రలు గాలిలో పట్టుకుని ఆగాడు. దాటింది. ఒకటి, రెండు, ఒకటి రెండు మూడు నాలుగు.

మొదటి పాట 1927లో ఈయన రికార్డు చేసినది, 'స్ట్రట్టిన్ విత్ సమ్ బార్బెక్యూ'. కట్టింది లిల్ హార్డిన్. పియానో వాద్యకారిణి, లూసిల్‌కు ముందు ఆయన భార్య, ఆయన్ని ముందుకు తోసిన మనిషి. ముందు అందరూ కలిసి వరస వాయిస్తారు. దాన్ని వాళ్ళు హెడ్ అంటారు. అది అయ్యాక వరస పక్కకు తప్పుకుంటుంది, దాని కిందున్న స్వరసమూహాల చక్రం మాత్రం తిరుగుతూనే ఉంటుంది. ఆ చక్రం మీద ఒక్కొక్కరు తమ వంతుగా అప్పటికప్పుడు పుట్టించి వాయించాలి. కృతి పాడి కల్పనస్వరాలకు దిగే మన విద్వాంసుడికి ఈ ఏర్పాటు సగం తెలిసిందే. తెలియని సగం ఏమిటంటే, ఇక్కడ నేల కదులుతూ ఉంటుంది. మనకు రాగం ఒక్కటే, ఆధారషడ్జం ఒక్కటే. తంబురా చివరిదాకా అదే మాట చెప్తుంది. వీళ్ళకు ఒకటి రెండు తాళావృత్తాలకొకసారి కింద స్వరాల గుంపు మారిపోతుంది. ఇప్పుడు ఒప్పిన స్వరం మరుక్షణం ఒప్పదు. ఒప్పని స్వరాన్ని కూడా ఒప్పించే దారి ఒకటుంటుంది, కాని దాన్ని పరుగెత్తుతూ వెతుక్కోవాలి.

సాక్సోఫోన్ అబ్బాయి వంతు వచ్చింది. బాగా మొదలుపెట్టాడు, ఉత్సాహం మీద ఎక్కువ దూరం పోయాడు, చక్రంలో తానెక్కడున్నాడో తప్పిపోయాడు. వినేవాళ్ళలో సగం మందికి తెలియలేదు. వాళ్ళ ఐదుగురికీ తెలిసింది. ఎవరూ ఆగలేదు. బేస్ అమ్మాయి తన నడకలో మూలస్వరాన్ని కాస్త గట్టిగా నొక్కింది. కీబోర్డు అబ్బాయి చేయి తేల్చి జాగా ఇచ్చాడు. చక్రం మొదటికి వచ్చేచోట డ్రమ్స్ పిల్లవాడు పెద్ద సింబల్ మీద ఒక్క దెబ్బ కొట్టాడు: ఇదిగో, ఇల్లు ఇక్కడ. అబ్బాయి ఒక్క గుక్క ఊపిరి పీల్చి, తప్పిపోయిన చోట దొరికిన చిన్న మూడు స్వరాల ముక్కనే మళ్ళీ ఎత్తుకుని, దాన్నే అటు తిప్పి ఇటు తిప్పి, ఇంటికొచ్చాడు. జనం చప్పట్లు. వాళ్ళు చప్పట్లు కొట్టింది తప్పిపోయిన భాగానికే అని అతనికి తెలుసు, చెవులు ఎర్రబడ్డాయి.

ఓ చెవులారా, మీకు జయం! ఈ సంగీతంలో గొప్పతనమంతా వాయించేవాడి వేళ్ళలో ఉందనుకుంటారు. వాయించనివాడి చెవిలో కూడా అంతే ఉంది. పక్కవాడి తప్పును తన తప్పుగా మోసి, దారిలో పెట్టి, ఆ సంగతి ఎక్కడా చెప్పుకోని చెవి అది. తర్వాత నాలుగేసి తాళావృత్తాల పంపకం వచ్చింది. ట్రంపెట్ నాలుగు, డ్రమ్స్ నాలుగు, సాక్స్ నాలుగు, మళ్ళీ డ్రమ్స్ నాలుగు. ట్రంపెట్ అడిగిన ప్రశ్నకు డ్రమ్స్ జవాబు చెప్పాలి, చెప్పి ఊరుకోకుండా సాక్స్‌ను రెచ్చగొట్టాలి. ఆ పిల్లవాడు ఒకసారి తన వంతు నాలుగింటిలో మూడు ఖాళీగా వదిలేసి చివర ఒక్కచోట కొట్టాడు. ట్రంపెట్ అమ్మాయి నవ్వు ఆపుకోలేక మొదటి స్వరం ఊదలేకపోయింది. నవ్వుతూ ట్రంపెట్ ఊదలేరు. అది పెదవుల చట్టం.

ఇంత చిన్నవాళ్ళకు ఇంత పెద్ద సంగీతమా అని వెనక కుర్చీలో ఎవరైనా గొణిగితే వాళ్ళకు చెప్పండి: ఇది ఎప్పుడూ చిన్నవాళ్ళదే. 1963లో మైల్స్ డేవిస్ బృందంలో డ్రమ్స్ వాయించడానికి చేరేనాటికి టోనీ విలియమ్స్‌కు పదిహేడేళ్ళు. లీ మోర్గన్ పద్దెనిమిదికే డిజీ గిలెస్పీ బృందంలో ట్రంపెట్. బేస్‌ను వెనక వరస నుంచి ముందుకు తెచ్చిన జిమ్మీ బ్లాంటన్ 1942లో పోయాడు, ఇరవై మూడేళ్ళకు. ఎలక్ట్రిక్ గిటారుకు ఈ సంగీతంలో గొంతు ఇచ్చిన చార్లీ క్రిస్టియన్ అదే ఏడాది పోయాడు, ఇరవై అయిదేళ్ళకు. క్లిఫర్డ్ బ్రౌన్ 1956లో కారు ప్రమాదంలో పోయాడు, అతనికీ ఇరవై అయిదే. వాళ్ళకు పెద్దరికం కోసం ఆగే తీరిక దొరకలేదు. ఆగకపోవడమే మంచిదైంది.

ఈ ఇంటాయన కూడా ఒకప్పుడు మీలాంటివాడే. 1901లో న్యూ ఆర్లియన్స్‌లో పేదల్లోకెల్లా పేద వాడలో పుట్టాడు. పనిచ్చిన ఒక యూదు కుటుంబం కొంత డబ్బు ముందుగా ఇస్తే తాకట్టు దుకాణంలో మొదటి కార్నెట్ కొనుక్కున్నాడు. పదకొండేళ్ళప్పుడు కొత్త సంవత్సరం సంబరంలో వీధిలో తుపాకీ పేల్చినందుకు అనాథ బాలల దిద్దుబాటు గృహానికి పంపారు. బ్యాండులో చేరి కుదురుగా వాయించడం నేర్చింది అక్కడే. 1922లో గురువు జో ఆలివర్ షికాగోకు రమ్మని కబురు పంపితే వెళ్ళి, రెండో కార్నెట్‌గా ఆయన వెనక నిలబడ్డాడు. వెనకే ఉండిపోయేవాడు కూడా, అంత గురుభక్తి. ఆ బృందంలో పియానో వాయించే లిల్ ఒప్పుకోలేదు; నువ్వు ఎవరి వెనకా నిలబడేవాడివి కాదని వెంటపడి బయటికి తెచ్చింది. 1928 జూన్ 28న షికాగోలో రికార్డు చేసిన 'వెస్ట్ ఎండ్ బ్లూస్' ఆ గురువు కట్టిన పాటే. దాని మొదట్లో పక్కవాద్యాలేవీ లేకుండా ట్రంపెట్ ఒక్కటే కొన్ని సెకన్లు పలుకుతుంది. ఆ కొన్ని సెకన్లలో ఒంటరి వాద్యకారుడికి ఈ సంగీతంలో స్థానమేమిటో తేలిపోయింది. అప్పటికి ఆయనకు ఇరవై ఏడు నిండలేదు. గురువు పాటను గురువులా వాయించకపోవడమే ఆయన చెల్లించిన గురుదక్షిణ. అందుకే ట్రంపెట్ అమ్మాయీ, ఈ పెరట్లో నిలబడి నువ్వు ఆయన రికార్డును స్వరం పొల్లుపోకుండా అప్పజెప్పకుండా, నీకు తోచిన వంకర దారిన పోతే, అపచారమనుకోకు.

పోట్లాటలూ జరిగాయి, దాచుకోవడమెందుకు. 1940లలో బీబాప్ కుర్రాళ్ళు వచ్చారు: మెరుపు వేగం, చిక్కు స్వరాలు, నవ్వని ముఖాలు. తెల్లవాళ్ళ ముందు పళ్ళికిలించే పాతకాలపు మనిషని ఈయన్ని దెప్పారు. ఆయనా తక్కువ తినలేదు, వాళ్ళ కొత్త సంగీతాన్ని పాటకట్టి వెక్కిరించాడు. దెప్పినవాళ్ళలో ముందున్న డిజీ గిలెస్పీ కొన్నాళ్ళకు ఇదే కరోనా పేటలో కాపురం పెట్టాడు. 1957లో లిటిల్ రాక్ బడిలోకి నల్లపిల్లల్ని రానివ్వనప్పుడు దేశాధ్యక్షుణ్ణి పట్టుకుని కడిగేసి, ప్రభుత్వం పంపదలచిన సోవియట్ యాత్రకు పోనని తెగేసి చెప్పినవాడు ఈ నవ్వే మనిషే. ఆ నవ్వు లొంగుబాటని తాము పొరబడ్డామనీ, తన సంతోషాన్ని ఎవరికీ దోచుకోనివ్వని పట్టుదల అదని తర్వాత తెలుసుకున్నామనీ డిజీ తన ఆత్మకథలో ఒప్పుకున్నాడు. ఇద్దరినీ ఫ్లషింగ్ శ్మశానవాటికలోనే సమాధి చేశారు. కుర్రవాళ్ళు ధిక్కరించారు, పెద్దయ్యారు, గౌరవించారు. మీరు ఎవర్ని ధిక్కరిస్తారో తొందరగా తేల్చుకోండి. తర్వాతి గౌరవానికి అదే పునాది.

తోట కచేరీలో వాన వస్తే ఏం చేస్తారని నిర్వాహకులకు ఎప్పుడూ బెంగ. 1965 జూన్‌లో మాన్‌హట్టన్‌లోని ఆధునిక కళల మ్యూజియం శిల్పాల తోటలో సోనీ రోలిన్స్ వాయిస్తుండగా వాన పడింది. ఆయన వాయిస్తూనే ఉన్నాడు, తర్వాత అది రికార్డుగా వచ్చింది. ఇరవయ్యేళ్ళకు, 1985 జులైలో, అదే తోటకు వచ్చి పక్కవాద్యం అన్నదే లేకుండా సాక్సోఫోన్ ఒక్కటితో కచేరీ మొత్తం నడిపాడు. మ్యూజియం తోటలకు జాజ్ అంటే ఇష్టమెందుకో ఊహించగలను. లోపల ఉన్నవన్నీ పూర్తయిపోయిన పనులు. శిల్పం పూర్తయింది, చిత్రం ఎండింది, అద్దాల పెట్టెలోని ట్రంపెట్ ఊదడం మానేసింది. బయట ఈ ఐదుగురు చేస్తున్నది ఇంకా పూర్తికాలేదు, రేపటికి దీని రూపం ఇలా ఉండదు. పూర్తయినవాటి కాపలాదారులకు అప్పుడప్పుడూ ఆ గాలి తగలాలి.

మనకీ ఈ సంగీతంతో చుట్టరికం లేకపోలేదు. 1963లో అమెరికా విదేశాంగశాఖ పంపగా ఆసియా దేశాలు తిరిగిన డ్యూక్ ఎల్లింగ్టన్ బృందం హైదరాబాదులోనూ వాయించింది. అయితే అంతకన్నా దగ్గరి చుట్టరికం మన వీధుల్లోనే ఉంది. న్యూ ఆర్లియన్స్ నల్లవాళ్ళు పటాలాల బ్యాండ్ల వాద్యాలు అందిపుచ్చుకుని శవయాత్రలకూ ఊరేగింపులకూ వాయించారు; శ్మశానానికి వెళ్ళేటప్పుడు మెల్లగా, తిరిగొచ్చేటప్పుడు చిందులేయించేలా. మన బ్యాండు మేళం వాద్యాలూ తెల్లదొరల పటాలాల వెంట వచ్చినవే. అదే ట్రంపెట్, అదే క్లారినెట్, అదే పెద్ద డ్రమ్ము. పెళ్ళికీ అవే, చావుకీ అవే. ఎర్రకోటు తొడుక్కుని, మే నెల ఎండలో పెళ్ళికొడుకు ముందు వెనకడుగులు వేస్తూ, రాత విద్య లేకుండా చెవితో పట్టిన సినిమా పాటను పై స్థాయిలో ఊదే కుర్రాడు మన ప్రతి ఊళ్ళోనూ ఉన్నాడు. అతని పెదవి మీదా ఆ ఎర్రటి వలయం ఉంది. తేడా ఒక్కటే. అందరి విస్తళ్ళూ లేచాక అతనికి వడ్డిస్తాం, అతని పేరు అడగం.

న్యూయార్క్ తెలుగువాళ్ళకు ఒక మాట. ఫ్లషింగ్‌లో బౌన్ వీధి గణపతి గుడికి మీరెలాగూ వెళ్తారు, కింద క్యాంటీన్‌లో దోసె తింటారు. తిని, మెయిన్ స్ట్రీట్‌లో 7వ నంబరు లోకల్ రైలెక్కండి. మూడో స్టేషన్ 103వ వీధి. దిగి కాస్త నడిస్తే ఈ ఇల్లు. వేసవిలో తోట కచేరీ ఉన్న రోజు చూసుకుని పిల్లల్ని తీసుకెళ్ళండి. మీ పిల్లాడు బడి బ్యాండులో ట్రంపెట్ పట్టుకుంటే, ఎందుకురా ఈ గోల, లెక్కలు చేసుకో అనకండి.

హైదరాబాదులో మ్యూజియం నడిపే పెద్దలకూ ఒక మనవి. సాలార్‌జంగ్‌లో గంట గంటకూ జనం చేరి, కుర్చీల్లో కుదురుగా కూర్చుని, గడియారంలోంచి గడ్డం బొమ్మ బయటికొచ్చి గంట కొట్టి లోపలికి పోవడాన్ని రెప్పవేయకుండా చూస్తారు. అంత ఓపికగా వినే జనం మీ దగ్గర సిద్ధంగా ఉన్నారు. ఏడాదికి ఒక్క సాయంత్రం ఆవరణలో షామియానా వేసి, మన బ్యాండు మేళం కుర్రాళ్ళను పిలవండి, డప్పు పిల్లల్నీ సన్నాయి పిల్లల్నీ పిలవండి. వాళ్ళ పేర్లు పోస్టరు మీద పెద్దక్షరాల్లో వేయండి. బేరమాడకుండా పారితోషికం ముందే చేతికివ్వండి, వాయించేముందు కూర్చోబెట్టి భోజనం పెట్టండి. ఏం వాయించాలో మాత్రం చెప్పకండి.